దారంతో కొలిచిన దూరం

మా అబ్బాయికి పదమూడేళ్లు. వాడి ప్రాణ స్నేహితుడిది చైనా కుటుంబం, న్యూజెర్సీలో మాకు రెండిళ్ల అవతలే ఉంటారు. షాంఘై నుంచి వాళ్ల నానమ్మ వచ్చినప్పుడల్లా మన కుడుముల్లాంటివి ఆవిరి మీద ఉడికించి పంపుతుంది. ఆ గిన్నెలో నేను పులిహోర పెట్టి పంపుతాను.

పోయిన వేసవిలో వాణ్ణి మా పుట్టిల్లు సూర్యాపేట తీసుకెళ్లాను. చౌరస్తాలో కల్నల్ సంతోష్‌బాబు విగ్రహం దగ్గర ఆగిపోయాడు. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో కలిపి మనవాళ్లు 20 మంది ప్రాణాలు వదిలారని చెప్పాను.

"తుపాకులు లేవా అమ్మా?"

ఉన్నాయి. కానీ అక్కడ సరిహద్దులా ఉన్న వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని 1996లో రెండు దేశాలూ రాసుకున్నాయి. అందుకే ఆ చలిలో, ఆ చీకట్లో రాళ్లతో, ఇనుప రాడ్లతో కొట్టుకున్నారు. వాళ్ల వైపు ఎందరు పోయారని అడిగాడు. నలుగురని చైనా చెప్పింది, అదీ ఎనిమిది నెలల తర్వాత.

పిల్లాడికి తెలియనివ్వకుండా దాచడం నాకు ఇష్టం లేదు. ఇది 1962 యుద్ధంతో తీరిపోయిన తగాదా కాదు, వాడి జీవితకాలమంతా ఉండేలా ఉంది. 2024 అక్టోబరులో గస్తీ మీద ఒప్పందం కుదిరినా కొండల్లో అటూ ఇటూ రోడ్లు, సొరంగాలు పెరుగుతూనే ఉన్నాయి. వాళ్ల నౌకలు హిందూ మహాసముద్రంలో తిరుగుతున్నాయి, మనం విశాఖలో అణు జలాంతర్గాములు కట్టుకుంటున్నాం. కట్టుకోవాలి కూడా. కాపలా లేని పొలం గట్టు ఎవరైనా జరుపుతారు.

మొన్న మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫ్యామిలీ గ్రూపులో అగ్ని-5 క్షిపణి వీడియో పెట్టాడు. పిల్లలిద్దరూ మా టేబుల్ దగ్గర హోంవర్క్ చేసుకుంటున్నారు. అది 5000 కిలోమీటర్లు పోతుందని మావాడు గొప్పగా చూపించాడు.

"మా నానమ్మ వాళ్ల ఊరిదాకా వస్తుందా?" అన్నాడు ఆ అబ్బాయి. బెదిరిపోయి కాదు, తెలుసుకుందామనే.

మావాడు గ్లోబు తెచ్చాడు. నా కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం తీసి, అగ్నిని పరీక్షించే ఒడిశా తీరం నుంచి షాంఘై దాకా పట్టి లెక్క కట్టాడు.

"వస్తుంది" అన్నాడు, గొంతు తగ్గించి. ఫోన్ బోర్లా పెట్టేశాడు.

ఆ అబ్బాయి దారం అందుకుని రెండో కొస నుంచి పట్టి చూశాడు. "మరి మావాళ్లవి మీ అమ్మమ్మ వాళ్ల ఊరికి?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. అవీ వస్తాయని చెప్పాను.