పుల్లోడికి కాడి అలవాటు చేసిన ఆదివారాలు

చిత్తూరు బయట ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను షిఫ్టు సూపర్‌వైజర్‌ని. బెల్టు మీద కాయలు ఏరే పన్నెండు మందిని చూసుకోవడం నా పని. ఆదివారం వస్తే తెల్లవారకముందే బండి తీసి, బంగారుపాళ్యం దాటి మా ఊరికి పోతాను. అక్కడ మా పెదనాయన దగ్గర ఎద్దుల పని నేర్చుకుంటున్నాను. జనవరిలో మొదలుపెట్టినప్పటి నుంచి ప్రతి ఆదివారం రాత్రి ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. మొన్న తిరగేస్తే అందులో సగం మా బెల్టు గురించే ఉంది.

ట్రాక్టర్ ఉండగా ఎద్దులెందుకు అని ఫ్యాక్టరీలో చాలామంది అడిగారు. దుక్కికి మా ఊరికీ ట్రాక్టరే వస్తుంది. కానీ కొమ్మలు కిందికి వాలిన మామిడి తోపులో ట్రాక్టర్ తిరగదు. చెనక్కాయ (వేరుశనగ) సాళ్ల మధ్య కలుపు తీసే గుంటక తోలాలన్నా ఎద్దులే కావాలి. పెదనాయన పాత జతలో ఒకటి వయసైపోయి కాడికి పనికిరాకుండా పోయింది. మిగిలింది నల్లోడు. వాడికి జతగా సంక్రాంతికి ముందు సంతలో మూడేళ్ల కోడెను కొన్నారు. వాడే పుల్లోడు.

కనుమ తర్వాతి ఆదివారం

కనుమనాడు పశువులకు ఉప్పుచెక్క (ఉప్పు, మూలికలు కలిపి దంచిన మందు) మింగించారు. నేను ఊరు చేరేసరికి పుల్లోడు ఆ ఘాటు ఇంకా మరిచిపోనట్టు తల విదిలిస్తున్నాడు. మచ్చిక చేసుకుందామని వెనక నుంచి వెళ్లి నడుం మీద చెయ్యి వేశాను. కాలు విసిరాడు. మోకాలి పక్కన తగిలింది.

"వెనక నుంచి పోబాక నాయనా. వచ్చింది ఎవరో దానికి తెలియాలి గదా" అన్నాడు పెదనాయన.

ఎద్దు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. సరిగ్గా వెనక భాగం మాత్రం కనిపించదు. అక్కడ అలికిడైతే ముందు భయపడుతుంది, తర్వాతే ఆలోచిస్తుంది. పక్క నుంచి, కాస్త దూరంలో, మాట్లాడుతూ వెళ్లాలి. భుజం దగ్గర ఒక గీత ఉందనుకోండి. ఆ గీతకు కొంచెం వెనక నిలబడి అడుగేస్తే ఎద్దు ముందుకు కదులుతుంది. గీత దాటి తల వైపు వస్తే ఆగుతుంది, లేదా వెనక్కి జరుగుతుంది. చెర్నాకోల ముట్టుకోకుండా ఆ రోజు గంటసేపు ఇదే చేశాను. చివరికి రెండు అడుగుల తేడాతో వాణ్ణి కదిలించడం, ఆపడం వచ్చింది.

సోమవారం బెల్టు దగ్గరికి వెళ్లి, నేను రోజూ ఎక్కడ నిలబడుతున్నానో చూసుకున్నాను. అందరి వెనక, చేతిలో పుస్తకం పట్టుకుని. ఆరేళ్లుగా అదే చోటు. అప్పుడు మామిడి సీజన్ కాదు, బెల్టు మీద జామకాయ నడుస్తోంది. నేను వెనక ఆగిన ప్రతిసారీ ఆ ముగ్గురు నలుగురి చేతులు తొందరపడుతున్నాయి, మంచి కాయ కూడా చెత్త డబ్బాలో పడుతోంది. వాళ్లకు ఎదురుగా, బెల్టు మలుపు దగ్గరికి మారాను. వచ్చేటప్పుడు "అక్కా, ఎట్లుంది సరుకు?" అని అడుగుతూ వస్తున్నాను. ఎవరూ ఉలిక్కిపడటం లేదు. ఈ మార్పుకు పైసా ఖర్చు కాలేదు. ఇన్నేళ్లూ ఆ టెన్షన్ పెట్టింది నేనేనని తెలిసినప్పుడు మాత్రం చాలా బాధేసింది.

ఫిబ్రవరి

మొదటి రెండు వారాలు కాడి లేదు. ఇద్దరి మెడలకూ ఒకే తాడు వేసి, చెరువు కట్ట దాకా నడిపించి తెచ్చాం. మూడో వారం ఉత్త కాడి ఎత్తాం. పొద్దున ఆరింటికి మొదలు, ఇరవై నిమిషాలకు బంద్. పని బాగా సాగుతున్నప్పుడే ఆపేయాలన్నది పెదనాయన పద్ధతి. కోడె విసుగెత్తాక ఆపితే, విసుగు చూపిస్తే కాడి దిగుతుందని నేర్చుకుంటుంది.

కడుపు నిండా మేసిన వెంటనే కాడి ఎత్తకూడదు. పశువు రోజుకు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. పడుకుని నెమరు వేస్తున్న ఎద్దును లేపితే ఆ రోజు పని సగమే. పని అయ్యాక నీడ, తర్వాత నీళ్లు, ఇంకాసేపటికి మేత. రాత్రి నానబెట్టి ఉడికించిన ఉలవలు రెండు గుప్పెళ్లు పెడతాం.

ఒక ఆదివారం నేను పొరపాటున ఇద్దరినీ అటూ ఇటూ మార్చి కట్టాను. నల్లోడు ఏళ్ల తరబడి ఎలపట (కుడి పక్క) నడిచినవాడు. దాపటకు (ఎడమ పక్కకు) కడితే పది అడుగులు కూడా సరిగా వెయ్యలేదు. కుడి పక్కకు వాలిపోతూ పుల్లోణ్ణి నెట్టేశాడు. పనిలో వాడికి మించిన ఎద్దు మా ఊళ్లోనే లేదు. అయినా చోటు మారితే కొత్త కోడెలాగే తడబడ్డాడు.

మార్చి

ఈ నెలే ఎక్కువ నేర్చుకున్నాను. దుంగ లాగించడం మొదలుపెట్టాం. మొదటి వారం పదిహేను కిలోల దుంగ, రెండు వారాలకు ముప్పై. ఎద్దు తన బరువులో సుమారు పదో వంతు బలంతో చాలాసేపు లాగగలదంటారు. పుల్లోడు చూడటానికి రెండున్నర క్వింటాళ్లు ఉంటాడు. లెక్క ప్రకారం ఆ దుంగ వాడికి బరువే కాదు. కానీ నల్లోడు ముందుకు తోస్తుంటే వీడు వెనకబడి, కాడి వంకరైపోయి, దుంగ అడ్డం తిరుగుతోంది. మూడుసార్లు అట్లే అయ్యేసరికి నేను పుల్లోణ్ణి అదిలించి, చెర్నాకోల పైకెత్తాను.

పెదనాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "కొట్టబాకప్పా. ఎద్దును కాదు, ముందు కాడి చూడు."

దుంగ తాడు కాడికి సరిగ్గా నడుమ కట్టి ఉంది. నడుమ కడితే ఇద్దరికీ సమానమని నేను అనుకున్నాను. ఆయన ఆ తాడు విప్పి, నల్లోడి వైపు నాలుగు వేళ్లు జరిపి కట్టాడు. బరువు నల్లోడికి దగ్గరైంది, పుల్లోడి వైపు కాడి పొడవైంది. పిల్లలాడే ఏతం పలకలో లావుపాటి పిల్లాణ్ణి నడుముకు జరిపి కూర్చోబెట్టినట్టే. అంతే, కాడి వంకర పోకుండా తిన్నగా నిలిచింది. అదే దుంగ, అవే ఎద్దులు. చేను ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా పోయాయి. తాడు కట్టిన చోట ఆయన బొగ్గుతో గీత పెట్టాడు.

ఆ గీత దగ్గర నేను చాలాసేపు కూర్చున్నాను. పోయిన ఏడాది సీజన్లో ఒక కొత్త అమ్మాయిని బెల్టు మొదట్లో నిలబెట్టాను. కాయలు గుట్టగా వచ్చి పడేది అక్కడే. అందరికీ గంటకో చోటు, అందరికీ సమానం అని నా లెక్క. ఆ అమ్మాయి అందుకోలేకపోయింది. నెమ్మది అని నలుగురిలో అన్నాను. తొమ్మిదో రోజు నుంచి రాలేదు. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే తప్పు ఆ అమ్మాయిది కాదని, తాడు కట్టిన నాదని అనిపిస్తుంది.

మార్చిలో ఇంకో కొత్త అమ్మాయి చేరింది. ఈసారి బెల్టు చివర, అందరికంటే చేయి తిరిగిన అక్క తర్వాత నిలబెట్టాను. మొదట్లోని ముగ్గురు సీనియర్లు గుట్టను పలచన చేస్తారు. ఈ అమ్మాయి దాకా వచ్చేసరికి కాయ విడివిడిగా కనిపిస్తుంది. ఏది తీయాలో చూసుకునే టైం ఉంటుంది. వారానికి ఒక చోటు చొప్పున ముందుకు జరిపాను. సీనియర్లకు భారం పెరిగిన మాట నిజం. అది వాళ్లకు ముందే చెప్పి, ఒప్పించి, టీ విరామం అయిదు నిమిషాలు పెంచాక మొదలుపెట్టాను. చెప్పకుండా జరిపి ఉంటే గొడవయ్యేది.

నెలాఖరున పుల్లోడి మెడ మీద రూపాయి బిళ్లంత పుండు లేచింది. కాడి కింది వైపు ఒక ముడి గరుగ్గా ఉంది, నేను చేత్తో తడిమి చూడలేదు. పశువుల డాక్టరు చూసి, మానేదాకా కాడి వద్దన్నారు. ఉప్పునీళ్లతో కడిగి పసుపు, వేపనూనె రాస్తూ మూడు వారాలు ఆగాం. ఇప్పుడు కాడి ఎత్తే ముందు అరచేత్తో ఆ చివర నుంచి ఈ చివరకు తడుముతాను. మెడలకు ఆముదం రాస్తాను.

ఏప్రిల్

ఊరి పక్క తోపులోకి అడవి ఏనుగులు దిగాయని రెండు ఆదివారాలు ఎద్దులను బయటికి తీయలేదు. కౌండిన్య అడవి నుంచి రావడం మా వైపు కొత్తేమీ కాదు. ఊళ్లో అందరి నోటా పలమనేరు దగ్గరి ముసలిమడుగు క్యాంపు మాటే. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం ఇచ్చిన కుంకీలు, అంటే అడవి ఏనుగులను మళ్లించడానికి తర్ఫీదు పొందిన ఏనుగులు, అక్కడున్నాయి. అడవి ఏనుగును మళ్లించాలంటే కుంకీకి ఒంటి బలం ఒక్కటే చాలదు, ఆ గందరగోళంలోనూ తన మావటి గొంతు వినాలి. ఆ గొంతు పరిచయం కావడానికి మావటి రోజూ దాని పక్కనే ఉండాలి, దానికి స్నానం చేయించాలి, మేత పెట్టాలి. మా దగ్గర మాత్రం షిఫ్టు సూపర్‌వైజర్లను వారానికోసారి మారుస్తారు, పనివాళ్లకు ఒక గొంతు అలవాటయ్యే టైమే ఉండదు. నెలకోసారి మార్చమని ఆ వారమే మేనేజర్‌గారిని అడిగాను. ఇంకా తేలలేదు.

మే

ఎండలు. అయిదున్నరకు కాడి ఎత్తి ఏడుకు దించేస్తున్నాం. ఫ్యాక్టరీలో బెంగళూర (తోతాపురి) మామిడి సీజన్ దగ్గరపడి రెండు వారాలు నాకు సెలవు దొరకలేదు. మళ్లీ వెళ్లినప్పుడు పుల్లోడు దుంగ లాగుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి ఫోటోలు తీశారు, కోడె బలే కుదిరిందన్నారు. నల్లోడి వైపు ఎవరూ చూడలేదు. బరువులో పెద్ద వంతు మోస్తున్నది వాడే. తిరిగేచోట ముందుగా అడుగు కుదించి వీడికి దారి చూపిస్తున్నదీ వాడే.

ఇంటికొచ్చాక మా అబ్బాయికి ఇది చెబితే, పాఠంలో విన్న కుక్కల కథ చెప్పాడు. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణానికి డిఫ్తీరియా మందును మంచు బండ్ల మీద, కుక్కల జట్లు ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటూ చేర్చాయి. చివరి దూరం లాగిన జట్టులోని బాల్టోకు అదే ఏడాది న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం పెట్టారు. అందరికంటే ఎక్కువ దూరం, గడ్డకట్టిన సముద్రం మీదుగా లాగిన జట్టుకు ముందు నడిచింది టోగో. దాని పేరు చాలాకాలం మరుగున పడింది.

ఆ నెల రిపోర్టులో కొత్త అమ్మాయి వేగం గురించి రెండు లైన్లు రాసి, పక్కనే నేర్పిన అక్క పేరు, బెల్టు మొదట్లో నిలబడిన ముగ్గురి పేర్లు కూడా రాశాను. అక్క ఆ కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకుంది.

జూన్

రెండు మంచి వానలు పడ్డాయి. శనివారం రాత్రి షిఫ్టు దిగి నేరుగా ఊరికి పోయాను. తోపు పక్కన ఇసుక పాలు ఎక్కువున్న పొలం చెక్కలో, నేల తేలిగ్గా ఉంటుందని మడక (నాగలి) కట్టాం. మేడి (మడక పిడి) నా చేతిలో, పగ్గాలు పెదనాయన చేతిలో. మొదటి సాలు పాములా వచ్చింది. మేడిని గట్టిగా అదిమితే కర్రు లోతుకు దిగి ఎద్దులు ఆగిపోతాయి, వదిలేస్తే పైపైనే గీరుతుంది. నాలుగో సాలుకు చెయ్యి కుదిరింది. మొత్తం పదకొండు సాళ్లు, యాభై నిమిషాలు.

తొమ్మిదో సాలు దగ్గర నల్లోడు ఆయాసపడ్డాడు, నోటి వెంట నురగ కనిపించింది. పుల్లోడికి ఇంకా ఊపు ఉంది. అయినా వాడు ముందుకు తొయ్యలేదు. కాడి బరువు మారినట్టు తెలిసిందేమో, అడుగు తగ్గించాడు. పెదనాయన ఇద్దరినీ చెట్టు నీడకు మళ్లించి, ఊపిరి కుదుటపడ్డాక మిగిలిన రెండు సాళ్లు తోలించాడు.

కాడి దించాక తాడు విప్పి బొగ్గు గీత చూశాం. మార్చిలో నడుమ నుంచి నాలుగు వేళ్ల దూరం. ఇప్పుడు రెండున్నర వేళ్ల దగ్గర కొత్త గీత పెట్టాడు పెదనాయన. వచ్చే ఆదివారం గుంటక.