ఫిల్టర్ దగ్గర ఆగిపోయిన బ్యాచ్

మందుల ఫ్యాక్టరీ ప్రొడక్షన్‌లో కెమిస్టుకి వచ్చే ఫోన్లలో సగం ఒకేలా ఉంటాయి: "సార్, మెటీరియల్ దిగట్లేదు", అంటే ఫిల్టర్ అవట్లేదని. మొన్న కూడా అదే. మూడు గంటల్లో ఫిల్టర్ అయ్యే బ్యాచ్ రాత్రంతా సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి స్ఫటికాల్ని వడకట్టే యంత్రం) దగ్గరే ఉంది, మదర్ లిక్కర్ (స్ఫటికాలు పోగా మిగిలే ద్రవం) చుక్కచుక్కగా కారుతోంది, వెనకాల ఇంకో రెండు రియాక్టర్లు ఖాళీ కోసం ఎదురుచూస్తున్నాయి. నేను వెళ్లేసరికి అక్కడ ఆరుగురున్నారు. అందరి దగ్గరా ఒక్కో కారణం ఉంది. ఫిల్టర్ క్లాత్ మార్చాలని ఒకరు, సాల్వెంట్ (కరిగించే ద్రవం) బాగోలేదని ఇంకొకరు, కొత్త లాట్ ముడిసరుకు వల్లేనని మూడో మనిషి.

క్యూసీ (నాణ్యత పరీక్షల ల్యాబ్) రిపోర్టు చూస్తే ప్యూరిటీ 99.6 శాతం. ఎప్పుడూ వచ్చేదే. ప్యూరిటీ బాగుంటే స్ఫటికాలూ బాగున్నట్టే అనుకుని ఇక్కడే కొత్తవాళ్లు బోల్తాపడతారు, నేనూ పడ్డాను ఒకప్పుడు. ప్యూరిటీ కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పెట్టే ముందు సాంపిల్‌ని కరిగిస్తాం కదా, కరిగాక స్ఫటికం సూదిలా ఉందా గుళికలా ఉందా అన్నది దానికెలా తెలుస్తుంది? రిటోనవిర్ అనే హెచ్‌ఐవీ మందు కథ ఈ ఫీల్డులో ఉన్నవాళ్లకి తెలిసే ఉంటుంది. 1996లో మార్కెట్లోకి వచ్చింది, 1998లో అదే అణువు ఇంకో స్ఫటిక రూపంలో పడటం మొదలైంది, ఆ రూపం సరిగా కరగదు, చివరికి క్యాప్సూల్స్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మాది అంత పెద్ద గొడవేం కాదులెండి. చిటికెడు స్లర్రీ (స్ఫటికాలు కలిసిన ద్రవం) మైక్రోస్కోప్ కింద పెడితే విషయం తేలిపోయింది. గుళికలు ఉండాల్సిన చోట అంతా సన్నటి పొడి, అదే క్లాత్ రంధ్రాలన్నీ మూసేసింది.

అంటే చల్లార్చడంలోనే ఏదో జరిగింది. రియాక్టర్ ఉష్ణోగ్రత రాసే లాగ్‌షీట్ తీశాను: 65, 55, 45, 35, 25, 10. ప్రతి అరగంటకీ ఒక గుండ్రటి అంకె, ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. మూడు వేల లీటర్ల రియాక్టర్ అంత క్రమశిక్షణగా చల్లబడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు "ఇది ఎవరు రాశారు?" అని అడిగితే అయిపోయినట్టే, ఇంకెవరూ నోరు విప్పరు. రాత్రి షిఫ్ట్ ఆపరేటర్ ఇంటికి బయల్దేరుతుంటే పక్కకి పిలిచి, "అన్నా, రాత్రి కూలింగ్ వాటర్ బాగానే వచ్చిందా?" అని మాత్రం అడిగాను. కాసేపు నేల చూశాడు. తర్వాత చెప్పాడు, కూలింగ్ టవర్ నీళ్ల పంపు రిపేర్‌లో ఉందట, అందుకని 65 దగ్గర్నుంచే నేరుగా బ్రైన్ (బాగా చల్లటి ఉప్పునీళ్లు) ఇచ్చేశాడట, గంట కూడా పట్టలేదట. మామూలుగా 40 వరకు టవర్ నీళ్లు, ఆ తర్వాతే బ్రైన్. ఇది అందరికీ తెలుసు, కానీ బ్యాచ్ కార్డులో (తయారీ సూచనలుండే కాగితంలో) ఉన్నది "10 డిగ్రీలకు చల్లార్చి గంటసేపు తిప్పాలి", అంతే. ఎంతసేపట్లో, దేంతో అన్నది ఎవరూ రాయలేదు. కాబట్టి ఆయన కార్డు తప్పలేదు. లాగ్‌షీట్ తర్వాత కూర్చుని నింపడం తప్పే, దాన్ని డీవియేషన్‌లో (పద్ధతి తప్పినప్పుడు రాసే రిపోర్టులో) రాయక తప్పలేదు, కాకపోతే నిజం చెప్పింది ఆయనే అని కూడా రాశాను.

థర్మామీటర్ రియాక్టర్ మధ్యలో వేలాడుతూ 50 చూపిస్తుంటే, బ్రైన్ తిరిగే జాకెట్ (రియాక్టర్ చుట్టూ ఉండే తొడుగు) పక్కన గోడ అంతకంటే చాలా చల్లగా ఉంటుంది. అక్కడ ద్రావణం ఒక్కసారిగా తట్టుకోలేక లక్షల చోట్ల స్ఫటికాలు పుడతాయి, ఏ ఒక్కటీ పెరగదు. లీటర్ ఫ్లాస్కు నుంచి మూడు వేల లీటర్లకి వెళ్తే, అదే ఆకారమైతే, ప్రతి లీటరుకీ దొరికే గోడ దాదాపు పద్నాలుగో వంతుకి పడిపోతుంది, అందుకే త్వరగా చల్లార్చాలంటే గోడని ఇంకా చల్లబరచడం తప్ప దారి ఉండదు.

నమ్మకం కుదరనివాళ్ల కోసం అదే స్లర్రీ ల్యాబ్‌లో వేడిచేసి కరిగించి రెండు భాగాలు చేశాను. ఒకటి ఐసులో పెట్టాను, ఇంకోటి 52 దగ్గర కొంచెం సీడ్ (ముందే తయారైన అదే పదార్థపు స్ఫటికాలు) వేసి నెమ్మదిగా దించాను. రెండోది నిమిషంలో ఫిల్టర్ అయింది, మొదటిది నేను టీ తాగొచ్చేసరికి కూడా కారుతూనే ఉంది. క్యూఏ (నాణ్యతకి బాధ్యత వహించే విభాగం) అనుమతితో బ్యాచ్ మొత్తాన్ని మళ్లీ కరిగించాం. 52 దగ్గర సీడ్, గంట ఆగడం, ఆపైన గంటకి పది డిగ్రీలు. రెండున్నర గంటల్లో దిగిపోయింది.

ఇప్పుడు కార్డులో ఆ లైన్లు చేరాయి. చల్లార్చడానికి అదనంగా కొన్ని గంటలు పడుతోందని ప్లానింగ్ వాళ్లు మాత్రం ప్రతి సోమవారం మీటింగులో నా వైపే చూస్తున్నారు. ఇవాళ లాగ్‌షీట్ చూశాను: 51.4, 43.8, మధ్యలో ఒక కొట్టివేత, ఇంకుమరక. చూసి భలే సంతోషమేసింది.