మా పికప్‌లో ముల్లు ఎందుకు లేచింది

రామభద్రపురం మార్కెట్లో కూరగాయలు ఎత్తుకొని, సాలూరు మీదుగా సుంకి ఘాటీ ఎక్కి కోరాపుట్ వెళ్లి వచ్చే మా పాత డీజిల్ పికప్ ఈ ఏడాది నన్ను రెండు విధాలుగా కంగారు పెట్టింది. పగటిపూట లోడుతో ఘాటీ ఎక్కుతున్నప్పుడు వేడి చూపించే ముల్లు మెల్లమెల్లగా ఎర్ర గీత వైపు జరిగేది. రాత్రిపూట చదును రోడ్డు మీద ఖాళీ బండితో వస్తున్నా సరే, హెడ్‌లైట్లు వేయగానే అదే ముల్లు ఒక్క ఉదుటున పైకి లేచేది. రెండూ ఒకే జబ్బని నమ్మి వాటర్ పంపు మార్పించాను, ఫ్యాన్ బెల్టు మార్పించాను. డబ్బు ఖర్చయింది గానీ ముల్లు దిగలేదు.

గజపతినగరంలో వైరింగు పని చేసే ఒక పెద్దాయన నా మాట సాంతం విని, "లైటు ఏస్తే నీల్లు మరుగుతాయేటి బావూ? ముందు ఎర్తు సూడు" అన్నారు. ఎర్త్ అంటే కరెంటు బండి లోహం గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేరే దారి. ఇంజిన్ ఆపించి, తాళం మాత్రం తిప్పి ఉంచమన్నారు. లైట్లు వేయగానే మధ్యలో ఉన్న ముల్లు ఎర్ర గీత దాకా వెళ్లింది. అప్పుడాయన ఒక లావు తీగ తీసుకొని, ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు తగిలించి, రెండో కొసను క్యాబిన్ బోల్టు మీద రంగు గీకిన చోట అదిమి పట్టారు. ముల్లు వెంటనే మధ్యకు దిగింది, మసకగా ఉన్న మీటరు బల్బు తెల్లగా వెలిగింది. తీగ తీస్తే మళ్లీ లేచింది. ఆ తీగను ఆయన మూడుసార్లు పెట్టి తీశారు. ఇంజిన్ నీళ్లు రెప్పపాటులో కాగవు, రెప్పపాటులో చల్లారవు కనుక, రాత్రి ముల్లు చూపిస్తున్నది వేడి కాదని నాకు అక్కడే అర్థమైంది.

జరుగుతున్నది ఇది. మా బండిలో బ్యాటరీ మైనస్ తీగ నేరుగా ఇంజిన్‌కు వెళ్తుంది, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి), క్యాబిన్‌కు రాగి పోగుల అల్లిక పట్టీ ఒకటి ఉంటుంది. హెడ్‌లైట్ల కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలంటే ఆ పట్టీ గుండానే రావాలి. 55 వాట్ల బల్బులు రెండు, వెనక లైట్లు, మీటరు బల్బులు అన్నీ కలిపితే సుమారు 10 ఆంపియర్లు. పట్టీలో 0.13 ఓమ్‌ల అడ్డంకి ఉంటే చాలు, 1.3 వోల్టులు అక్కడే పోతాయి. అంటే క్యాబిన్ ఎర్త్ ఇంజిన్ కంటే 1.3 వోల్టులు పైన తేలుతుంది. వేడిని పట్టే సెన్సార్ ఎర్త్ ఇంజిన్ మీద, మీటరు ఎర్త్ క్యాబిన్ మీద ఉండడం వల్ల ఆ తేడా కాస్తా ముల్లును వేడి వైపు నెడుతుంది. ఇంజిన్‌ను స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు ఇంజిన్ మీదనే ఉంటుంది కనుక దానికి ఈ పట్టీతో పని లేదు. బండి ఒక్క తిప్పుకే అందుకోవడం చూసి ఎర్త్ మీద నాకు అనుమానమే రాలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కరెంటు కొలిచే మామూలు మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి ఈ పట్టీని చూస్తే దాదాపు సున్నాయే కనబడుతుంది, పట్టీ బాగుందని పొరపాటు పడతాం. లైట్లు వేసి, మల్టీమీటరును వోల్టుల మీద పెట్టి, ఒక తీగ బ్యాటరీ మైనస్‌కు, రెండోది క్యాబిన్‌కు తగిలించి చూడాలి. అక్కడ 0.2 వోల్టులు దాటితే ఎర్త్ బాగాలేదన్నమాట. మా బండిలో 1.3 వచ్చింది.

పట్టీ విప్పి చూస్తే కొసన బోల్టు పట్టే లగ్గు దగ్గర సగానికి పైగా పోగులు తెగిపోయి ఉన్నాయి, మిగిలినవి ఆకుపచ్చ పొడి పట్టి వేలితో నలిపితే రాలిపోతున్నాయి. ముందు యజమాని చింతపల్లి తీరం నుంచి చేపల పెట్టెలు మోసేవారు. ఐసు కరిగిన ఉప్పునీరు ఛాసిస్ మీద కారీ కారీ రాగిని తినేసింది. కొత్త పట్టీ కొని, బోల్టు కూర్చునే చోట రంగు, తుప్పు పోయి లోహం మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు పూశాము. మళ్లీ చూస్తే 0.05 వోల్టులు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 14.2 వచ్చింది కనుక, మా వైపు డైనమో అనే ఆల్టర్నేటర్‌ను ముట్టుకోలేదు.

రాత్రి ముల్లు కుదుటపడింది. పగటి ముల్లు మాత్రం నిజమే చెబుతోంది. ఘాటీ మధ్యలో బానెట్ ఎత్తితే పక్క డబ్బాలో నీళ్లు కుతకుతలాడేవి. రేడియేటర్ మూత చల్లారాక తీసి చూస్తే దాని రబ్బరు గట్టిపడి పగిలి ఉంది. ఆ మూత ఊరికే మూయడానికి పెట్టినది కాదు. 0.9 బార్ ఒత్తిడిని అది నిలబెడితే లోపలి నీళ్లు 100 డిగ్రీలకు బదులు 118 దాకా మరగకుండా ఉంటాయి. ఒత్తిడి నిలవకపోతే ఆ పద్దెనిమిది డిగ్రీల వెసులుబాటు పోతుంది. అందుకే వేడి మీద మూత తీయకూడదు కూడా. తీసిన క్షణంలో నీళ్లు ఒక్కసారి మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి.

నీళ్ల వేడిని బట్టి తెరుచుకుని మూసుకునే థర్మోస్టాట్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎవరో ఎప్పుడో పీకేశారు. ఇంజిన్ వేడెక్కితే అది పీకేయడం మన వైపు అలవాటు, కానీ అది తప్పు. దాని అడుగు బిళ్ల వేడిలో పక్కదారిని మూసి నీటినంతా రేడియేటర్‌కు మళ్లిస్తుంది. అది లేకపోతే కొన్ని నీళ్లు చల్లబడకుండానే ఇంజిన్‌లోకి తిరిగి వస్తాయి. కొత్తది కొన్నాక బిగించే ముందు ఇంట్లో గిన్నెడు నీళ్లలో దారంతో వేలాడదీసి, స్టవ్వు మీద పెట్టి, థర్మామీటరుతో చూశాను. దాని మీద 82 అని ముద్ర ఉంది. ఆ అంకె దగ్గర ఇత్తడి బిళ్ల వెంట్రుకవాసి కదిలింది, 90 దాటేసరికి వేలు మందాన తెరుచుకుంది.

రేడియేటర్ పాత రాగి, ఇత్తడి రకం. టంకం విప్పి పై ట్యాంకు తీస్తే గొట్టాల మూతులు సున్నం కొట్టినట్టు తెల్లగా పూడిపోయి ఉన్నాయి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన ఫలితం అది. ఊచలు పోనిచ్చి శుభ్రం చేయించి, తిరిగి టంకం పెట్టించి, ఈసారి కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లలో పోశాను. నీళ్లు గడ్డకట్టని మన ప్రాంతంలో కూలెంటు ఎందుకని చాలామంది అడుగుతారు. తుప్పు పట్టనీయకపోవడం, మరిగే వేడిని పెంచడం, ఈ రెండింటికీ అది కావాలి. అయితే అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పారబోసిన చోట కుక్కలు నాకుతాయి, పిల్లలు చేయి పెడతారు. పాత కూలెంటును తప్పనిసరిగా మూత ఉన్న డబ్బాలో పట్టాలి.

మొన్న టమాటా లోడుతో మిట్టమధ్యాహ్నం సుంకి ఎక్కాను, ముల్లు సగం దాటలేదు. తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడ్డాక సాలూరు దగ్గర లైట్లు వేసినా ఉన్నచోటే ఉంది. కింది హోస్ పైపు మాత్రం క్లిప్పు దగ్గర మెత్తబడింది. ఎండలు ముదరకముందే దాన్ని మార్పించి, హెడ్‌లైట్లకు విడిగా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) పెట్టించాలి.