నీళ్లకు కరువు లేని చోట

“మీరూ మూడేళ్లకు వెళ్లిపోయేవారే కదా డాక్టర్, నా కథంతా మళ్లీ మొదటినుంచి ఎందుకు చెప్పాలి?” అందావిడ స్పానిష్‌లో. పక్కనున్న నర్సు దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి మొహమాటపడింది. ఆమాత్రం స్పానిష్ నాకూ వచ్చింది. అరవై దాటిన మనిషి. లెట్యూస్ అనే ఆకుకూర కోతల్లో వంగి వంగి నడుం అరిగిపోయింది, ఏళ్ల తరబడి షుగరు. నేను ఆమెకు ఐదో డాక్టరునట. వచ్చిన ప్రతివాళ్లూ మందులు మార్చి, గడువు తీరగానే ఏదో ఒక పెద్ద ఊరు చూసుకున్నారట.

ఆ మాట చాలా రోజులు నా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. అమెరికాలో రెసిడెన్సీ చేసే మనవాళ్లలో చాలామంది జే-1 వీసా మీదే వస్తారు. శిక్షణ పూర్తయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండి రావాలి, లేదా వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. ఈ రెండో దారిని 1994 నాటి చట్టం తెరిచింది. దాని కింద ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మందికి అవకాశం. అలా నేను కాలిఫోర్నియా దక్షిణపు కొసన, మెక్సికోను ఆనుకుని ఉన్న ఇంపీరియల్ కౌంటీకి వచ్చాను. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. మా ఆయన ఉద్యోగం శాన్‌హోసేలో, పాప చదువూ అక్కడే. మా అత్తగారు వచ్చి ఉన్నన్నాళ్లే ఇంట్లో ధైర్యం. గ్రీన్‌కార్డు వరస మనవాళ్లకు ఎంత పొడవో వేరే చెప్పాలా? వెళ్లిపోయే డాక్టరును నిష్ఠూరమాడడం తేలిక. కానీ ఈ జిల్లా నుంచి వెళ్లిపోయేది డాక్టరు ఒక్కరేనా?

నేను కోనసీమ పిల్లను. లాకులు, గట్లు, కాలువ కట్టేసే రోజులు, దాళ్వాకు నీళ్లు వస్తాయా రావా అన్న బెంగ, వీటి మధ్య పెరిగాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో కాలువలు చూసి ప్రాణం లేచొచ్చింది. ఏడాదికి మూడు అంగుళాల వాన కూడా పడని ఎడారి ఇది. అయినా ఐదు లక్షల ఎకరాలకు కాస్త అటూ ఇటూగా సాగవుతుంది. 1940 నుంచి, 80 మైళ్ల ఆల్ అమెరికన్ కెనాల్ కొలరాడో నది నీళ్లను ఇక్కడికి తెస్తోంది. ఇంపీరియల్ లోయ అని పిలిచే ఈ ప్రాంతానికున్న హక్కు ఏడాదికి 31 లక్షల ఎకరా అడుగులు, అంటే మన లెక్కలో సుమారు 135 టీఎంసీలు. చలికాలంలో అమెరికా తినే ఆకుకూరల్లో చాలా భాగం ఇక్కడా, పక్కనున్న యూమాలోనూ పండినవే.

ఇంత నీరు, ఇంత పంట ఉన్న చోట నిరుద్యోగం దేశంలోనే అత్యధికంగా ఉండే జిల్లాల్లో ఇదొకటి. మంచి రోజుల్లో కూడా రెండంకెల్లోనే ఉంటుంది. 2010లో దాదాపు 30 శాతానికి చేరింది. లెట్యూస్ కోతలు నవంబరు నుంచి మార్చి దాకానే. తరువాత కోత ముఠాలు ఉత్తరాన సలీనాస్‌కు కదులుతాయి. ఎండ 45 డిగ్రీలు దాటే వేసవిలో ఇక్కడ మిగిలేది పశువుల మేత, దానికి మనుషులు అట్టే అక్కర్లేదు. రాష్ట్రంలో మిగిలిన ఆఖరి బీట్ చక్కెర మిల్లు బ్రాలీ దగ్గర ఉండేది. దాన్నీ మూసేస్తున్నట్టు 2025లో ప్రకటించారు. మూతపడే చక్కెర మిల్లు వెనుక ఎన్ని ఇళ్లుంటాయో మన జిల్లాలవాళ్లకు తెలుసు.

నన్ను బాగా కలవరపెట్టేది ఇంకొకటుంది. కూలీల్లో చాలామంది కాపురం ఉండేది సరిహద్దు అవతల మెక్సికాలిలో. తెల్లవారుజామున రెండు మూడింటికే లేచి, కలెక్సికో గేటు దగ్గర బారులు తీరి, ఇవతలికి వచ్చి మేస్త్రి బస్సు ఎక్కుతారు. ఇవతలి అద్దెలు కట్టి బతకగలిగేంత కూలి ఉండదు మరి. భూమి యజమానుల్లోనూ చాలామంది ఎక్కడెక్కడో ఉంటారు. నీటి ప్రాజెక్టుల కింద ఒక్కొక్కరికి 160 ఎకరాలే అన్న పరిమితి ఈ లోయకు వర్తించదని 1980లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మా వైపు మాత్రం భూస్వాములు హైదరాబాదులోనూ అమెరికాలోనూ లేరా అని అడుగుతారు. ఉన్నారు, మా పొలమూ కౌలుకే ఉంది. కానీ మా కౌలురైతు, నాట్లు వేసే ఆడవాళ్లు రాత్రికి నిద్రపోయేది ఆ ఊళ్లోనే. 2011లో గిట్టుబాటు లేక కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు ఊరూరా జనం రోడ్డెక్కగలిగారంటే అందుకే. ఇక్కడ కోసేవాళ్లకు కౌంటీలో ఓటు లేదు, ఓటున్నవాళ్లకు పని లేదు.

నీళ్లు కూడా కొంత వెళ్లిపోతున్నాయి. 2003 ఒప్పందం ప్రకారం ఒక వాటా శాన్ డియాగోకు పోతోంది. పొలాల నుంచి జారే నీటి మీద బతికే సాల్టన్ సీ అనే ఉప్పు సరస్సు తగ్గిపోయి, బయటపడ్డ అడుగు దుమ్మై లేస్తోంది. గాలికి గొంతు పట్టేసిన పిల్లలను తల్లులు మా దగ్గరికి తెస్తారు.

ఇప్పుడు అందరి ఆశా బ్యాటరీల్లో వాడే లిథియం మీదే. ఆ సరస్సు కింద వేడి ఉప్పునీటిలో భారీగా నిల్వలున్నాయని 2023లో ప్రభుత్వ శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. తవ్వకం మీద టన్నుకు ఇంతని పన్ను వేస్తూ, అందులో ఎక్కువ భాగం స్థానికంగానే ఉండేలా రాష్ట్రం 2022లోనే చట్టం చేసింది. స్థానిక కళాశాల ఆ ప్లాంట్లలో పనికి కోర్సులు పెట్టింది. ఆ తరువాత లిథియం ధర పడిపోయింది, పర్యావరణ అనుమతుల మీద కోర్టులో కేసు పడింది, పనులు నత్తనడకన సాగుతున్నాయి. నాకు మాత్రం ఆశ ఉంది. ఎందుకంటే పన్నును ఇక్కడే ఉంచాలన్న ఆలోచన ఈ లోయకు కొత్త.

బయటివాళ్లు నిలబడిన చరిత్ర కూడా ఈ లోయకుంది. నూరేళ్ల కిందట పంజాబీలు వచ్చి, సొంతంగా భూమి కొనడానికి చట్టం ఒప్పుకోకపోయినా కౌలుకు చేసి, మెక్సికన్ అమ్మాయిలను పెళ్లాడి కాపురాలు పెట్టారు. వెస్ట్‌మోర్లాండ్‌లో వ్యవసాయం చేసిన దలీప్ సింగ్ సౌంద్‌ను 1956లో ఈ ప్రాంతం అమెరికా కాంగ్రెస్‌కు పంపింది. ఆయనకు ముందు ఆసియా సంతతివాళ్లెవరూ ఓటు హక్కున్న సభ్యులుగా అక్కడ అడుగుపెట్టలేదు. ఆయన గురించి తెలిశాక నా సాకులు నాకే చిన్నవిగా తోచాయి, అయినా పాపను తలుచుకుంటే అవి మళ్లీ పెద్దవవుతాయి.

లిథియం పన్ను మీద కౌంటీ బహిరంగ సమావేశం పెట్టినప్పుడు మైకు ముందు నిలబడి రెండు అడగదలచుకున్నాను. కోత కూలీల పిల్లలు వైద్యం చదవడానికి పూర్తి ఖర్చు ఆ డబ్బులోంచి ఇవ్వాలి. డాక్టర్ల రెసిడెన్సీ శిక్షణ ఇక్కడి ఆసుపత్రుల్లోనే ఇవ్వడానికి కొంత కేటాయించాలి.