మల్లికి గజ్జి, నాకు దురద

ఉగాది దాటి ఎండలు ముదురుతున్నప్పుడు మా మల్లి గోక్కోవడం మొదలుపెట్టింది. మల్లి నాటు కుక్క. ఒళ్లంతా తెలుపు, చెవులు మాత్రం బిస్కెట్ రంగు. కడప వేసవిలో కుక్క గోక్కుంటే ఎవరూ వింతగా చూడరు. "వేడి చేసిందిలే అక్కా, మజ్జిగన్నం పెట్టు" అంది పక్కింటామె. పాలు పోసే అతనూ అదే మాట. మజ్జిగన్నం పెట్టాం, నీళ్ల తొట్టి నీడలోకి జరిపాం, మధ్యాహ్నాలు కూలర్ ముందు పడుకోనిచ్చాం. గోకుడు మాత్రం తగ్గలేదు. రాత్రి మిద్దె మీద చాపలు పరుచుకుని పడుకుంటే, దాని వెనక కాలు బండకు తగిలే టకటక శబ్దానికి ఇంట్లో అందరికీ మెలకువ వచ్చేది.

కొన్నాళ్లకు నాకూ మొదలైంది. ముంజేతుల లోపలి వైపు, నడుము చుట్టూ, పొట్ట మీద చిన్న చిన్న ఎర్రటి పొక్కులు. పగలు పనిలో పడితే అంతగా తెలిసేది కాదు. పడుకుని ఒళ్లు కాస్త వెచ్చబడిందంటే చాలు, ప్రతి పొక్కూ లేచి కూర్చునేది. గోకితే ఒక్క నిమిషం హాయి, ఆ వెంటనే మంట. ఇంట్లో చెమటకాయలన్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ పూస్తే ఒకటి రెండు రోజులు ఊరుకుని మళ్లీ రేగింది. నిద్ర లేక తల బరువు, చీటికీ మాటికీ కోపం. బంధువుల పెళ్లికి ఆ ఎండలో పొడుగు చేతుల జాకెట్ వేసుకుని వెళ్లాను. దురద కన్నా ఎవరైనా చూస్తారేమోనన్న టెన్షనే ఎక్కువగా ఉండేది. గజ్జి అనగానే శుభ్రంగా ఉండనివాళ్ల రోగం అనుకుంటారు మన దగ్గర. రోజుకు రెండు పూటలా స్నానం చేసే మనిషికి కూడా అది అంటుకుంటుంది.

చర్మం డాక్టరు నా చేతులు చూశాక వేళ్ల సందుల్లో వెతికాడు. అక్కడ ఏమీ లేదు. "ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందామ్మా?" అని అడిగాడు.

"మనుషులకెవరికీ లేదు సార్. కుక్కకుంది."

చీటీ రాస్తున్న పెన్ను ఆపేశాడు. "దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటారా?"

కూర్చోబెట్టుకుంటాను. ఎత్తుకుంటాను కూడా. పొక్కులున్నది సరిగ్గా అది ఆనుకునే చోట్లే. మనుషుల గజ్జి అయితే వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర మొదలై ఇంటిల్లిపాదికీ పాకుతుందట. కుక్క గజ్జి పురుగు మన చర్మంలోకి దూరగలదు, కానీ అక్కడ సంతతి పెంచుకోలేదు, కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. మరి నాకెందుకు తగ్గడం లేదంటే, చచ్చినవాటి బదులు మల్లి నుంచి కొత్తవి వస్తూనే ఉన్నాయి. "నీకు దురద తగ్గే మాత్రలు, లోషన్ ఇస్తాను. అసలు మందు దానికి పడాల" అన్నాడాయన. నా రోగానికి మందు నా కుక్క ఒంట్లో పడాలన్న ఆ మాటతో నాకు సగం బరువు దిగింది.

మల్లిని చూసిన డాక్టరమ్మ ముందు దాని మీద చెయ్యి వేసి కాసేపు మాట్లాడింది. ఆ తర్వాత చెవి అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా రుద్దింది. అంతే, మల్లి వెనక కాలు దానంతటదే గాల్లో గోకడం మొదలుపెట్టింది. రుద్దడం ఆపితే కాలు ఆగింది, మళ్లీ రుద్దితే మళ్లీ ఆడింది. గజ్జి ఉన్న కుక్కల్లో ఎక్కువ వాటికి ఇలా జరుగుతుందని, ఇదొక్కటే రుజువు కాకపోయినా అనుమానం మాత్రం గట్టిపడుతుందని చెప్పింది. చెవుల అంచులు, ముందు కాళ్ల మోచేతులు, వెనక కాళ్ల మడమలు, పొట్ట కింద: ఈ పురుగుకు ఇష్టమైన చోట్లివి. మల్లికి చెవుల అంచుల్లో వెంట్రుకలు రాలి, బూడిద రంగు పక్కులు కట్టి ఉన్నాయి.

బ్లేడు మీద పారాఫిన్ నూనె చుక్క వేసి, రక్తం చెమ్మ కనిపించేదాకా చర్మం గీకి, స్లైడు మీద పెట్టింది. మైక్రోస్కోపులో నన్నూ చూడమంది. గుండ్రటి ఒళ్లు, ఉన్నాయో లేవో అన్నట్టు పొట్టి కాళ్లు. అర మిల్లీమీటరు కూడా ఉండదు అది. ఆడ పురుగు చర్మంలో సొరంగం తవ్వుకుంటూ గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు మళ్లీ పెద్ద పురుగు కావడానికి దాదాపు మూడు వారాలు. అందుకే మందు ఆ మూడు వారాలు దాటి పని చేయాలి. గీకిన చోట పురుగు దొరకనంత మాత్రాన గజ్జి లేదని కాదు, చాలాసార్లు దొరకదు, అయినా అనుమానముంటే మందు మొదలుపెడతాం అంది.

మరి వేడి మాటేమిటని అడిగాను. వేడికి గజ్జి రాదు, జబ్బున్న ఇంకో కుక్క నుంచి వస్తుంది. కాకపోతే గోకి పుండు చేసుకున్న చర్మం మీద వేసవి తన వంతు చేస్తుంది. కూలర్ తేమకు మల్లి చంకలు, గజ్జలు ఆరకుండా ఉండిపోయి, అక్కడ ఈస్ట్ అనే ఫంగస్ పెరిగి పుల్లటి వాసన వస్తోంది. దానికి వేరే షాంపూ రాసింది. రాసి పది నిమిషాలు ఉంచి కడగాలి, కడిగాక తువ్వాలుతో కాలివేళ్ల సందులు కూడా పూర్తిగా ఆర్చాలి. మన సబ్బు వద్దంది. మన చర్మానికీ కుక్క చర్మానికీ ఆమ్లగుణంలో తేడా ఉంది, మన సబ్బుతో దాని చర్మం పొడిబారి దురద పెరుగుతుంది. గుండు గీయించాలా అంటే, పుండ్ల చుట్టూ కత్తిరిస్తే చాలు, తెల్ల కుక్కకు వెంట్రుకలు తీసేస్తే ఎండకు చర్మం కాలుతుందని వద్దంది.

ఇక్కడొక విషయం గట్టిగా చెప్పాలి. మా వీధిలో ఒకాయన మెకానిక్ షెడ్డు నుంచి సీసాడు కాలిన ఇంజన్ ఆయిల్ పట్టుకొచ్చాడు. "ఇది పూయమ్మా, రెండ్రోజుల్లో పోతుంది" అని. మంచి మనసుతోనే తెచ్చాడు, మన ఊళ్లలో తరాలుగా చేస్తున్నదే. కానీ కుక్క ఒళ్లు నాక్కుంటుంది. పూసింది పూసినట్టు కడుపులోకి పోయి కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బ తీస్తుంది. ఫినాయిల్, కిరసనాయిల్, కర్పూరం కలిపిన కొబ్బరి నూనె కూడా అంతే. దురదతో అల్లాడే ప్రాణికి విషం పూయడం అది. దయచేసి ఎవరూ చేయొద్దు.

మల్లికి ఇచ్చింది బరువును బట్టి వేసే నమిలే మాత్ర, నెలకొకటి. ఫిట్స్ వచ్చే కుక్కయితే ఆ సంగతి ముందే చెప్పాలట. పుండ్లు చీము పట్టినందుకు యాంటీబయాటిక్ కూడా పడింది. దాని గోనెపట్ట పారేశాం. దుప్పట్లు, మా చాపల మీది బొంతలు మరిగే నీళ్లలో నానబెట్టి ఉతికి మిద్దె మీద ఆరేశాం. మే నెలలో కడపలో 43, 44 డిగ్రీలు కొత్త కాదు కాబట్టి, ఆ ఒక్క పనికి మాత్రం ఎండ మాకు సాయం చేసింది.

మందు పడగానే దురద ఆగిపోతుందని ఎదురుచూడకూడదు. పురుగు చచ్చినా దాని అవశేషాలు చర్మంలో ఉన్నన్నాళ్లు ఒళ్లు ఎదురు తిరుగుతూనే ఉంటుంది. మొదటి వారం మల్లి అలాగే గోకింది, నేనూ అలాగే గోక్కున్నాను. మందు పనిచేయడం లేదేమోనని రాత్రిళ్లు భయమేసేది. తర్వాత నాకు కొత్త పొక్కులు రావడం ఆగింది. పాతవి గోధుమరంగు మచ్చలుగా మారాయి. ఒక రోజు పొద్దున ఎండ మొహాన పడేదాకా మిద్దె మీద నిద్రపోయానని లేచాక గానీ తెలియలేదు. మల్లి చెవుల అంచున పక్కులు ఊడి, కింద గులాబీ రంగు చర్మం మీద మెత్తటి నూగు వచ్చింది. రెండో నెల మాత్ర కూడా వేశాం. కనిపించే జబ్బు తగ్గిందని ఆపొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

ఇప్పుడు తెల్లవారకముందే దేవుని కడప చెరువు వైపు నడిపిస్తాను. వచ్చాక చెవుల లోపల, కాలివేళ్ల మధ్య గోమార్లు పట్టాయేమో చూస్తాను. కూలర్ ముందు ఇప్పటికీ పడుకుంటుంది, కింద తడి మాత్రం ఉండనివ్వను. మేం అన్నం పెట్టే రెండు వీధి కుక్కల నుంచే మల్లికి అంటి ఉంటుందని, డాక్టరమ్మ వాటి బరువు కూడా అంచనా వేసి మాత్రలిచ్చింది. చికెన్ ముక్కల్లో పెట్టి వేశాం. ఒకదానికి వీపు మీద వెంట్రుకలు వచ్చేశాయి. రెండోది చికెన్ తినేసి మాత్ర ఉమ్మేసింది. ఆదివారం దానికి మళ్లీ వేయాలి.