అమ్మ, ఏటీఎం, ఎనిమిది బటన్లు

మా అమ్మ ఐదో తరగతి వరకే చదువుకుంది. తెలుగు బాగానే చదువుతుంది, కానీ ఏటీఎంలో వెనక నలుగురు నిలబడితే టెన్షన్‌లో అక్షరాలు కనిపించవు అంటుంది. అందుకని బటన్ల వరస బట్టీ పట్టింది: కుడివైపు మూడోది, పిన్ను, మళ్లీ కుడివైపు అన్నిటికంటే కిందది. మూడేళ్లు అలాగే పింఛను తీసుకుంది.

పోయిన నెల బ్యాంకువాళ్లు స్క్రీన్ మార్చారు. అదే మిషను, అవే బటన్లు, కానీ ‘నగదు ఉపసంహరణ’ ఉండే చోటికి మినీ స్టేట్‌మెంట్ వచ్చి కూర్చుంది. అమ్మ రెండుసార్లు చీటీ మాత్రం తీసుకుని ఇంటికొచ్చి, "అకౌంట్లో డబ్బులు పోయాయేమోరా" అని ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది.

స్క్రీన్‌కి అటు నాలుగు ఇటు నాలుగు ఉండే ఆ బటన్ల మీద ఏమీ రాసి ఉండదు, పక్కన స్క్రీన్ మీద ఏ మాట వస్తే ఆ పని చేస్తాయి. ఎందుకలా పెట్టారో అర్థమవుతుంది. కొత్త సేవ వచ్చినా, భాష తెలుగులోకి మారినా ఇనుము ముట్టుకోకుండా సాఫ్ట్‌వేర్ మారిస్తే చాలు. 2003లో వచ్చిన నోకియా 1100లో కూడా స్క్రీన్ కింద అలాంటి బటనే ఉండేది, మెనూలో ఒక మాట, కాల్ వస్తే ఇంకో మాట. అమ్మకి అది ఎప్పుడూ కష్టం కాలేదు, ఎందుకంటే మాట సరిగ్గా బటన్ నెత్తినే ఉండేది.

ఏటీఎంలో అలా కుదరదు. బటన్లు ముందుంటాయి, స్క్రీన్ మందపాటి అద్దం వెనక లోపలికి ఉంటుంది. నాలా పొడవుగా ఉన్నవాళ్లు పైనుంచి చూస్తే మాట పై బటన్ వైపు జరిగినట్టు కనిపిస్తుంది, అమ్మ ఎత్తు నుంచి చూస్తే ఇంకోలా. ఒక్కోసారి రెండు బటన్ల మధ్యలో పడుతుంది. ఏది నొక్కాలి?

చూపు లేనివాళ్ల కోసం 2014 జులై 1 నుంచి కొత్త ఏటీఎంలన్నీ మాట్లాడేవిగా, బ్రెయిలీ కీప్యాడ్‌తో ఉండాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. చాలా మంచి పని. అలాగే డబ్బు తీసే బటన్ చోటు కూడా ఎప్పటికీ మార్చకూడదని ఎవరైనా చెప్పాలి. కొత్తవి ఏమొచ్చినా మిగతా ఏడింటిలో సర్దుకోండి.

ఆదివారం అమ్మని తీసుకెళ్లాను. ‘నగదు’ అనే మాట చీటీ మీద పెద్దగా రాసిచ్చి, వరస మర్చిపో, ఈ మాట ఎక్కడుందో వెతుకు అన్నాను. చాలాసేపు చూసింది, వెనకవాళ్లని నేను కాసేపు ఆగమన్నాను. ఎడమవైపు రెండోది నొక్కింది. నోట్లు వచ్చాక అక్కడే రెండుసార్లు లెక్కపెట్టుకుంది.