బాపట్ల ఇంటికి సోలార్ బ్యాటరీ: కొనే ముందు రాసుకున్న లెక్కలు

మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లను 2024లో పీఎం సూర్యఘర్ పథకం కింద, 78,000 రూపాయల కేంద్ర రాయితీతో పెట్టించుకున్నాము. నెట్ మీటర్ ఉన్నందువల్ల పగలు మిగిలిన కరెంటు లైనులోకి వెళ్లి, రాత్రి మేము వాడుకున్న యూనిట్లలోంచి ఆ మేరకు తగ్గుతుంది. అంటే బిల్లు వరకు డిస్కం లైనే మాకు నిల్వగా ఉపయోగపడుతోంది. ఖర్చు తగ్గించుకోవడానికి బ్యాటరీ కొనవలసిన అవసరం మాకు లేదు. అవసరమల్లా కరెంటు పోయినప్పుడే. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ బయటి సరఫరా ఆగిన మరుక్షణం తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే సిబ్బందికి మన ఇంటి కరెంటు తగలకుండా దానిని అలాగే తయారు చేస్తారు. అది ఉండవలసిన జాగ్రత్తే. అయినా ప్యానెళ్లు నిండు ఎండలో ఉండగా ఇంట్లో ఫ్యాను తిరగకపోవడం తీరప్రాంతంలో చిన్న ఇబ్బంది కాదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. పైగా మా నాన్నగారు ఇన్సులిన్ వాడతారు కాబట్టి ఫ్రిజ్ ఆగకుండా చూసుకోవడం మాకు తప్పనిసరి.

మార్చి 2025

ముందుగా బ్యాటరీల జోలికి పోకుండా ఇంటి వాడకాన్ని కొలిచాను. ప్లగ్గుకు, సాకెట్‌కు మధ్య పెట్టే వాట్‌మీటర్ ఒకటి ఉంటే ఈ పని సులువుగా అయిపోతుంది. కరెంటు పోయిన రాత్రి సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు దాకా మాకు తప్పనిసరి అయినవి ఇవి: మూడు బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే రకం) ఫ్యాన్లు, ఒక్కొక్కటి 30 వాట్ల లెక్కన తొమ్మిది గంటలకు 0.81 యూనిట్లు, లైట్లన్నీ కలిపి 60 వాట్లు, నాలుగు గంటలకు 0.24, ఫ్రిజ్ పన్నెండు గంటలకు 0.5; వైఫై రౌటర్ 0.12. మొత్తం 1.67 యూనిట్లు. పాత ఫ్యాన్లే ఉండి ఉంటే, ఒక్కొక్కటి 75 వాట్ల చొప్పున, ఫ్యాన్లకే రెండు యూనిట్లు దాటేది. బ్యాటరీ కొనాలనుకునేవారు ముందు ఫ్యాన్లు మార్చుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఫ్యాన్ల మీద పెట్టిన డబ్బు బ్యాటరీ పరిమాణంలోనే చాలావరకు తిరిగి వస్తుంది.

ఈ లెక్కలో చాలామంది కలపనిది ఇన్వర్టర్ సొంత వాడకం. ప్యానెళ్లు, బ్యాటరీ, బయటి లైను మూడింటితోనూ పనిచేసే 5 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టర్ ఏ పనీ చేయకుండా ఊరకే వెలుగుతూ ఉన్నా 50 వాట్ల దాకా తింటుంది. పన్నెండు గంటలకు అది 0.6 యూనిట్లు. మా మూడు ఫ్యాన్లు కలిసి రాత్రంతా తీసుకునేదానికి ఇది ఎంతో తక్కువ కాదు. డీసీని ఏసీగా మార్చడంలో పోయే నష్టాన్ని కూడా కలిపితే బ్యాటరీ నుంచి రాత్రికి సుమారు 2.4 యూనిట్లు కావాలని తేలింది. అందువల్ల ఇన్వర్టర్ వివరాల పత్రంలో నో-లోడ్ వాడకం ఎంతో చూడకుండా ఏదీ ఎంచుకోకూడదని నోట్సులో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

ఏప్రిల్

డబ్బా మీది అంకెలను పోల్చదగినవిగా మార్చుకోవడానికి ఈ నెల పట్టింది. దుకాణాల్లో ట్యూబులర్ అనే సీసం-యాసిడ్ బ్యాటరీని ఆంపియర్ అవర్లలో (ఏహెచ్), లిథియం బ్యాటరీని కిలోవాట్ అవర్లలో, అంటే యూనిట్లలో, చెబుతారు. ఆంపియర్ అవర్లను వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే రెండూ ఒకే కొలతలోకి వస్తాయి: 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలు నాలుగు వరుసగా కలిపితే 7.2 యూనిట్లు, 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ప్యాక్ 5.12 యూనిట్లు. అయితే ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే ఆయుష్షు తొందరగా తగ్గిపోతుంది, కాబట్టి వాడుకోదగినది 3.6 యూనిట్లే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో, అంటే ఎల్‌ఎఫ్‌పీలో, ఎనభై శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు, అది 4.1 యూనిట్లు. పెద్దదిగా కనిపించినదే చిన్నదయింది.

ట్యూబులర్‌లో ఇంకో మెలిక ఉంది. మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ మీద సి20 అని, సోలార్ బ్యాటరీ మీద సి10 అని ఉంటుంది. మొదటిది ఇరవై గంటల్లో మెల్లగా ఖాళీ చేస్తే వచ్చే సామర్థ్యం, రెండోది పది గంటల్లో ఖాళీ చేస్తే వచ్చేది. సీసం బ్యాటరీని ఎంత వేగంగా ఖాళీ చేస్తే అంత తక్కువ ఇస్తుంది, కాబట్టి సి20 మీద 150 ఉన్నది, సి10 మీద 150 ఉన్నది ఒకటి కావు. ధరలో తేడా ఎందుకని అడిగితే దుకాణదారు ఈ సంగతి చెప్పకపోవచ్చు; డబ్బా పక్కన సన్నటి అక్షరాల్లో ఉంటుంది, వంగి చూడాలి.

లిథియంలోనూ రెండు రకాల రసాయనాలు ఉన్నాయి. ఎల్‌ఎఫ్‌పీ కాక రెండోదైన ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసినది) బరువు తక్కువ, కానీ వేడెక్కి అదుపు తప్పే ప్రమాదం దానిలో ఎక్కువ. ఇంటి గోడకు తగిలించే వస్తువుకు బరువు ముఖ్యం కాదు కాబట్టి ఎల్‌ఎఫ్‌పీ కానిదేదీ నా జాబితాలో ఉంచలేదు. లిథియం బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఐఈసీ 62619 పరీక్ష ధ్రువపత్రం చూపించలేని ప్యాక్‌లను కూడా తీసివేశాను.

మే

బ్యాటరీ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి మెట్ల కింద చోటులో థర్మామీటర్ వేలాడదీశాను. మధ్యాహ్నం 37, 38 డిగ్రీల దగ్గర నిలబడింది. డాబా మీది రేకుల గదిలో 45 దాటింది కాబట్టి ఆ గది ఆలోచన అక్కడితో ఆగిపోయింది. 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకూ సీసం బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని వాడుకలో ఉన్న లెక్క. ఎల్‌ఎఫ్‌పీకి కూడా వేడి మంచిది కాదు. ముఖ్యంగా నూరు శాతం నిండి, వేడిలో, నెలల తరబడి కదలకుండా ఉండడం దానిని ముసలిదాన్ని చేస్తుంది.

పక్కింటివారి ట్యూబులర్ బ్యాటరీ చూడడానికి వెళ్లినప్పుడు దాని టెర్మినల్ మీద నీలం, పచ్చ కలిసిన చిలుము అంగుళం మందాన పేరుకుని, కేబుల్ లగ్గు ఎక్కడుందో కనిపించకుండా పోయింది. ఉప్పుగాలి, యాసిడ్ ఆవిరి రెండూ కలిస్తే వచ్చే ఫలితం అది. క్రమం తప్పకుండా డిస్టిల్డ్ వాటర్ పోసి, టెర్మినళ్లు తుడిచి వ్యాజిలీన్ రాసే ఓపిక ఉన్న ఇంట్లో సీసం బ్యాటరీ చక్కగా పనిచేస్తుంది. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి గాలి ఆడే చోటు మాత్రం తప్పదు.

జూలై

ధరలు సేకరించాను. 150 ఏహెచ్ సోలార్ ట్యూబులర్ నాలుగింటికి 68,000 రూపాయలు, 51.2 వోల్టుల ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్‌కు 1,12,000 రూపాయలు చెప్పారు. ఇంతకంటే బాగా చవకగా, స్థానికంగా కూర్చిన ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్ కూడా ఒకటి వచ్చింది.

రెండు ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్‌లనూ పరీక్షించనిస్తేనే మాట్లాడతానన్నాను, ఇద్దరూ ఒప్పుకున్నారు. పరీక్ష చాలా సులువు. రెండు వందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము నిండా నీళ్లు పోసి, వెయ్యి వాట్ల ఇమ్మర్షన్ రాడ్ వేలాడదీసి, దానిని వాట్‌మీటర్ ద్వారా ఇన్వర్టర్‌కు కలిపి, నిండు బ్యాటరీ తనంతట తాను ఆగిపోయేదాకా నడపడమే. పరీక్ష నడుస్తుండగా ఎవరూ నీళ్లు ముట్టకూడదు. కంపెనీ ప్యాక్ 4.6 యూనిట్లు ఇచ్చింది. ఇన్వర్టర్ నష్టం పోగా 5.12 నుంచి రావలసినది అదే. నీళ్ల వేడి కూడా మొదటి కంటే సుమారు ఇరవై డిగ్రీలు పెరిగింది, అదీ లెక్కకు సరిపోయింది. చవక ప్యాక్ అదే అంకె రాసి ఉండి కూడా 3.7 దగ్గర ఆగింది. లోపల వాడినవి పాత సెల్సా, లేక ఒక బలహీనమైన సెల్ మిగతావాటిని ముందే ఆపేసిందా అన్నది మూత తీయకుండా తేలదు. నాకు ఆ రెండిటిలో ఏదైనా ఒకటే, దానిని వదులుకున్నాను.

ప్యాక్‌లో సెల్స్ పదిహేనా, పదహారా అన్నది కూడా అడగాలి. ఒక్కో సెల్ 3.2 వోల్టులు కాబట్టి పదిహేనుంటే 48, పదహారుంటే 51.2. ఒక్కో సెల్‌కు గరిష్ఠ పరిమితి 3.65 వోల్టులు, అంటే మొదటిదానికి 54.75, రెండోదానికి 58.4. ఇన్వర్టర్‌లో పదహారు సెల్స్ ఛార్జింగ్ సెట్టింగును పదిహేను సెల్స్ ప్యాక్‌కు పెడితే బీఎంఎస్ (ప్యాక్ లోపల సెల్స్‌ను కాపాడే సర్క్యూట్) మాటిమాటికీ అడ్డుపడి కరెంటు తెంచుతుంది. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజి నిండుదనంలో ఎక్కువ భాగం దాదాపు కదలకుండా ఉంటుంది కాబట్టి, వోల్టులు చూసి ఎంత మిగిలిందో చెప్పే ఇన్వర్టర్ దీనికి పనికిరాదు. బీఎంఎస్, ఇన్వర్టర్ కేబుల్ ద్వారా మాట్లాడుకోవాలి. ఇన్వర్టర్ తయారీదారు ప్రకటించే సరిపోయే బ్యాటరీల జాబితాలో మన మోడల్ పేరు ఉండాలి.

వారంటీ కాగితాలు కూడా ఈ నెలలోనే చదివాను. ట్యూబులర్‌పై ‘36+24 నెలలు’ అని ఉంటే మొదటి 36 నెలలే ఉచితంగా మార్చి ఇస్తారు, తరువాతి 24 నెలలు కొత్తదానిపై కొంత తగ్గింపు మాత్రమే. నేను ఎంచుకున్న లిథియం ప్యాక్‌పై పదేళ్లు లేదా 6,000 సైకిళ్లు (ఒకసారి నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్), ఏది ముందైతే అది, చివరికి డెబ్బై శాతం సామర్థ్యం మిగలాలి అని ఉంది. రోజుకొక సైకిల్ వేసినా 6,000 పూర్తికావడానికి పదహారేళ్లు దాటుతుంది. కరెంటు పోయినప్పుడు మాత్రమే వాడే మా ఇంట్లో సైకిళ్ల సంఖ్య అసలు లెక్కలోకే రాదు. గడిచే ఏళ్లు, ఆ ఏళ్లలో పడే వేడి మాత్రమే లెక్క. యూనిట్‌కు ఇంత ఖర్చు అని అమ్మకందారులు చూపించే పట్టికలన్నీ రోజూ వాడే ఇళ్లకు సంబంధించినవి.

సెప్టెంబర్

22వ తేదీ నుంచి సీసం బ్యాటరీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. లిథియంపై అప్పటికే 18 శాతం ఉంది. దానితో ట్యూబులర్ నాలుగూ 62,700 రూపాయల దగ్గరికి వచ్చాయి. మా వేడిలో ఐదేళ్లు వస్తాయనుకుంటే ఏడాదికి 12,500. ఎల్‌ఎఫ్‌పీకి వారంటీ పదేళ్లే లెక్క వేసినా ఏడాదికి 11,200. పాత సీసం బ్యాటరీకి బరువు మీద కొంత సొమ్ము తిరిగి వస్తుంది కాబట్టి రెండూ దాదాపు సమానం. డబ్బు లెక్క ఏ వైపూ మొగ్గలేదు. నేను చూసిన లిథియం ప్యాక్‌లలోని సెల్స్ అన్నీ చైనా నుంచి వచ్చినవే. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమర రాజా సంస్థ తలపెట్టిన కర్మాగారం నుంచి సెల్స్ ఇళ్ల ప్యాక్‌లలోకి వచ్చే రోజు కోసం నేను ఆశగా ఎదురుచూస్తున్నాను, కానీ వచ్చే తుఫాను కాలం అందాకా ఆగదు.

అక్టోబర్

28వ తేదీ రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా వీధిలో కరెంటు పోయింది. మరుసటి రోజు ప్యానెళ్ల మీద వెలుగు ఎంత పడుతోందో కొలవడానికి ఒక చిన్న 20 వాట్ల ప్యానెల్‌ను డాబా మీద పెట్టి, దాని రెండు వైర్లను మల్టీమీటర్ ఆంపియర్ల వైపు కలిపాను. షార్ట్ సర్క్యూట్ కరెంటు వెలుతురుకు అనులోమంగా ఉంటుంది, ప్యానెల్‌కు హాని ఉండదు. నిండు ఎండలో అది 1.2 ఆంపియర్లు చూపిస్తుంది. ఆ ఉదయం 0.15 దగ్గర వణుకుతూ ఉండి, మబ్బు విడిన కొద్దిసేపు గబుక్కున 1.0 దాటి, మళ్లీ పడిపోయింది. రోజంతా అదే తీరు.

అప్పుడే నాకు అసలు ప్రశ్న స్పష్టమైంది. తుఫాను మరునాడు ఎండ విడతలు విడతలుగా వస్తుంది. ఆ విడతల్లో వచ్చినదంతా పట్టుకోగలిగేది ఏది? ట్యూబులర్‌కు సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, అంటే 15 ఆంపియర్లతో ఛార్జి చేయాలని తయారీదారులు సాధారణంగా చెబుతారు. అది 800 వాట్ల చిల్లర. రాత్రి వాడిన 2.4 యూనిట్లను తిరిగి నింపడానికి, నష్టాలతో కలిపి 3 యూనిట్లు, ఆ వేగంతో నాలుగు గంటల ఎండ కావాలి. చివరి భాగం మరీ నెమ్మదిగా నిండుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. ఎల్‌ఎఫ్‌పీ 50 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే 2.6 కిలోవాట్లు. మా ప్యానెళ్లు ఇచ్చినదంతా అది మింగగలదు; ఎండ విడతలన్నీ కలిపి గంటన్నర వచ్చినా మళ్లీ రాత్రికి సిద్ధంగా ఉంటుంది. దట్టమైన మబ్బులో రెండూ ఒకటే, ఎందుకంటే ప్యానెళ్ల నుంచే పెద్దగా ఏమీ రాదు. అయితే సగం నిండిన స్థితిలో రోజుల తరబడి ఉంటే సీసం పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఎల్‌ఎఫ్‌పీకి ఆ బాధ లేదు. వరుసగా మూడు రాత్రులు కరెంటు లేకుండా గడపవలసి వస్తే నిల్వ ఎంత అన్నదాని కంటే నిండే వేగమే మాకు ఎక్కువ విలువైనది.

నవంబర్

51.2 వోల్టుల 100 ఏహెచ్ ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్, ఆ ప్యాక్ పేరు తన జాబితాలో ఉన్న 5 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోవడానికి నిర్ణయించుకున్నాను. ఇన్వర్టర్ మార్పు నెట్ మీటర్ ఒప్పందంలోకి వస్తుంది కాబట్టి డిస్కంకు దరఖాస్తు పెట్టాను; అనుమతి వచ్చాకే డబ్బు కడతాను. సరఫరాదారుకు రాసి ఇచ్చిన షరతులు: డ్రమ్ము పరీక్ష మా ఇంట్లో మళ్లీ చేయాలి, సెల్ తయారీ తేదీ ఆరు నెలల లోపు ఉండాలి, బ్యాటరీకి, ఇన్వర్టర్‌కు మధ్య డీసీ ఫ్యూజు, డీసీ బ్రేకరు రెండూ ఉండాలి, ఏసీ ఎంసీబీ పెడితే ఒప్పుకోను, వారంటీలో బ్యాటరీని తీసుకెళ్లి తిరిగి తెచ్చే ఖర్చు ఎవరిదో రాతపూర్వకంగా ఇవ్వాలి. వాననీరు వీధిలో నిలిచే మట్టం గోడ మీద గుర్తుంది, ప్యాక్ దానికి మూడడుగుల పైన, మెట్ల కింద తూర్పు గోడకు వస్తుంది. ఒక హెచ్‌పీ నీళ్ల మోటారును బ్యాకప్ లైనులో కలపడం లేదు; స్టార్టింగ్‌లో అది తీసుకునే కరెంటు మామూలుకు ఎన్నో రెట్లు, దానికోసం ఇన్వర్టర్‌ను పెంచడం కంటే కరెంటు ఉండగానే ట్యాంకు నింపుకోవడం మేలు.

సెట్టింగులు కూడా ముందే రాసి పెట్టుకున్నాను. మామూలు రోజుల్లో ఛార్జికి పై పరిమితి 85 శాతం, కింది పరిమితి 15. బీఎంఎస్ లెక్క సరిచూసుకుని, సెల్స్‌ను సమం చేసుకోవడానికి నెలకొకసారి నూరు శాతం దాకా. వాతావరణ శాఖ బంగాళాఖాతంలో వాయుగుండం ప్రకటించిన రోజున పై పరిమితిని నూరుకు మార్చి, తుఫాను దాటిపోయాక మళ్లీ 85కు దించాలి.